ఆ జోకు వాళ్ల ఊళ్లో నిలబడి చెప్పగలరా?

కామెడీ రాయడం మొదలుపెట్టిన నెలకే తిట్లు మొదలవుతాయి. వాటిలో ఏవి వినాలి? ఏవి వదిలేయాలి? పనికొచ్చే జవాబు ఒకటి అనంతపురం పల్లెల్లో తోలుబొమ్మల తెర దగ్గర ఎప్పటినుంచో ఉంది.

అనంతపురం వైపు కుర్రాళ్లు కామెడీ రాయడం మొదలుపెడితే మొదటి జోకు దేనిమీద ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. వాన మీద. "మా ఊళ్లో వాన పడితే పిల్లోళ్లు ఆకాశం లీకైందని ప్లంబర్‌కి ఫోన్ చేసినారప్పా" టైపులో ఉంటుంది. రెండోది సుమోలు, బాంబుల మీద. మూడోది మన యాస మీద. ఈ మూడూ అయిపోయాక అసలు కష్టం మొదలవుతుంది. చేతిలో సరుకు ఖాళీ, ఫాలోవర్లేమో రోజుకో రీల్ అడుగుతుంటారు. అప్పుడు చూపు పక్కవాళ్ల మీదికి పోతుంది. లావుగా ఉన్న క్లాస్‌మేట్, నత్తిగా మాట్లాడే మాస్టారు, ఫలానా కులంవాళ్ల పిసినారితనం, రైల్లో చప్పట్లు కొట్టే హిజ్రాలు... ఎవరో ఒకరు దొరుకుతారు. వ్యూస్ వస్తాయి. వాటి వెనకే కామెంట్లూ వస్తాయి. "ఇది జోకా? మీ ఇంట్లోవాళ్ల మీద వేసుకో."

నేను పగలు బెంగళూరులో కోడ్ రాస్తాను. శని, ఆదివారాలు ఫ్రెండ్స్‌తో కూర్చుని స్కిట్లు రాస్తాం. మాలో సగం మంది అనంతపురం, ధర్మవరం, హిందూపురం బ్యాచే. ఘాటు కామెంట్ వచ్చిన ప్రతిసారీ గ్రూపు రెండుగా చీలిపోతుంది. ఒక వర్గం "జనాలకి సెన్సాఫ్ హ్యూమర్ లేదప్పా, వదిలేయ్" అంటుంది. రెండో వర్గం "డిలీట్ కొట్టు, మనకెందుకీ గోల" అంటుంది. మొదటి దారిలో పోతే రాసేవాడు ఏమీ నేర్చుకోడు. రెండో దారిలో పోతే కొన్నాళ్లకు రాయడమే మానేస్తాడు. కొత్తగా రాసేవాళ్లు చాలామంది ఈ రెండు గుంతల్లో ఏదో ఒకదాంట్లో పడిపోతారు.

తెరకు ఎదురుగా ఊరు

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఒక ఊరుంది. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. తోలుబొమ్మల ఊరు. ఇక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అక్కడ తోలుతో ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు ఎక్కువగా చేస్తున్నారు గానీ, ఒకప్పుడు బొమ్మలాట అంటే రాత్రి మొదలై తెల్లారేదాకా సాగే రామాయణం, భారతం. వానల్లేని ఏడు విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందని తెలుగు పల్లెల్లో నమ్మకం. కరువు నేలలో ఆ ఆటకు గిరాకీ ఎందుకుండేదో వేరే చెప్పక్కర్లేదు.

తెల్లార్లూ భారతమంటే ఎవరికైనా నిద్ర వస్తుంది. అందుకే మధ్యమధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దిగుతారు. వీళ్లు హాస్యం బొమ్మలు. మొగుడూ పెళ్లాల గొడవలు, దొంగచాటు సంబంధాలు, బూతులు, ఊళ్లో ఆ వారం జరిగిన సంగతులు అన్నీ వీళ్ల నోట్లోంచే వస్తాయి. ఇవాళ్టి రోస్ట్ వీడియోల్లో కొన్ని వీళ్ల ముందు భక్తి పాటల్లా ఉంటాయి. కాబట్టి "మన సంస్కృతిలో బూతు కామెడీ లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

అలాగని పాతదంతా గొప్పదనీ కాదు. బంగారక్క మీద పడే జోకుల్లో చాలావాటికి ఇవాళ ఆడపిల్లలు నవ్వరు. వాళ్ల అమ్మమ్మలు నిజంగా నవ్వారో, నవ్వినట్టు ఊరుకున్నారో ఎవరూ అడగలేదు కూడా.

కానీ ఆ ఆటలో ఒక లెక్క ఉంది. తెర వెనక ఉన్నవాడు ఎవరి మీద జోకు వేస్తున్నాడో, ఆ మనిషి తెర ముందు చాప మీద కూర్చుని ఉంటాడు. జోకు శ్రుతి మించితే ఆ క్షణమే తెలిసిపోతుంది. నవ్వు ఆగిపోతుంది, లేదా ఎవరో లేచి అరుస్తారు. వెంటనే బొమ్మ మాట మారుస్తుంది. పైగా ఆ బృందం అదే ఊరికి మళ్లీ రావాలి. ఊరు బియ్యం, డబ్బు ఇస్తేనే ఇల్లు గడుస్తుంది. అంటే పెద్దమనుషుల్ని కూడా ఏడిపించాలి, మళ్లీ ఏడాది పిలిపించుకోవాలి. కామెడీ రాసేవాడికి ఇంతకంటే కఠినమైన ట్రైనింగ్ ఏముంటుంది?

ఇంకో సంగతి. నిమ్మలకుంట కళాకారుల పూర్వీకులు మరాఠా ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. అంటే ఊరికి బయటివాళ్లే. అయినా ఊరిమీద జోకు వేసే చనువు సంపాదించారు. "మనవాళ్ల మీద మనమే జోకు వేయాలి, బయటివాళ్లు వేయకూడదు" అనే రూల్ అంత సూటిగా పనిచేయదన్నమాట. ఎదురుగా నిలబడి చెప్పి, ఎదురుదెబ్బ అక్కడే తీసుకోవడానికి సిద్ధపడటం వల్ల వచ్చే చనువు అది.

రీల్‌లో పోయింది సరిగ్గా ఇదే. రూములో కూర్చుని హిజ్రాల మీద జోకు రాస్తాం. గదిలో ఉన్న నలుగురు మగపిల్లలు పగలబడి నవ్వుతారు. ఆ నవ్వే పరీక్ష అనుకుని పోస్ట్ చేస్తాం. జోకు ఎవరి మీద ఉందో వాళ్లు ఆ గదిలో లేరు. వాళ్ల దగ్గరికి అది వెళ్లేది ఎవరో ఫార్వర్డ్ చేసినప్పుడే. అందుకే పోస్ట్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ జోకును వాళ్ల ఊళ్లో, వాళ్ల ముందు నిలబడి, ఇదే గొంతుతో చెప్పగలనా? భయంతో చెప్పలేకపోవడం వేరు, సిగ్గుతో చెప్పలేకపోవడం వేరు. భయమైతే ఆలోచించొచ్చు, ఆ జోకులో దమ్ముండొచ్చు. సిగ్గైతే అది కొట్టేయాల్సిన జోకు.

2014లో స్కిట్, 2023లో సినిమా

ఈటీవీలో జబర్దస్త్ 2013లో మొదలైంది. తర్వాతి ఏడాది డిసెంబర్‌లో ఆ షో కమెడియన్ వేణు మీద హైదరాబాద్‌లో దాడి జరిగింది. ఒక స్కిట్ గౌడ కులస్తులను, ముఖ్యంగా ఆ ఇళ్ల ఆడవాళ్లను కించపరిచిందని వాళ్ల కోపం. కోపానికి కారణం ఉండొచ్చు. కొట్టడానికి మాత్రం ఏ కారణమూ సరిపోదు. జోకు నచ్చకపోతే తిట్టండి, చూడటం మానండి, కేసు వేయండి. చెయ్యి లేస్తే అక్కడ విమర్శ ముగిసి రౌడీయిజం మొదలైనట్టే.

అదే వేణు యెల్దండి 2023 మార్చిలో దర్శకుడిగా 'బలగం' ఇచ్చాడు. కథ చూడండి. ఇంట్లో తాత చచ్చిపోతాడు. మనవడికి తాత పోయాడన్న బాధ కంటే తన పెళ్లి ఆగిపోతుందేమో, కట్నం డబ్బుతో తీర్చాల్సిన అప్పు ఏమవుతుందో అనే దిగులు ఎక్కువ. బావాబామ్మర్దులు ఎప్పుడో నల్లి బొక్క దగ్గర పడిన గొడవను చావింట్లో కూడా వదలరు. పిండం పెడితే కాకి ముట్టదు. చావు, కర్మకాండ, కట్నం, మాంసం. అన్నీ జనం మనోభావాలు గుచ్చుకునే చోట్లే. అయినా తెలంగాణ పల్లెల్లో తెర కట్టి మరీ ఊరంతా కలిసి చూశారు. నవ్వారు, ఏడ్చారు.

దాడి వల్లే ఆయన అలా రాయడం నేర్చుకున్నాడని నేను అనను. ఆ సంగతి ఆయనే చెప్పాలి. రాసేవాళ్లుగా మనం గమనించాల్సింది వేరే ఉంది. 'బలగం'లో నవ్వు ఏ కులం మీదా, ఏ వృత్తి మీదా పడదు. మనిషి పంతం మీద పడుతుంది. ఆ పంతం చూసేవాడి ఇంట్లో కూడా ఉంది. సబ్జెక్ట్ సున్నితమైనదైతే జోకు వేయకూడదని కాదు. ఎంత సున్నితమైన చోటైనా వెళ్లొచ్చు, బాణం ఎటు గురిపెట్టామన్నదే లెక్క.

తగిలితే ఎలా ఉంటుందో మనకు తెలుసు

ఈ విషయంలో సీమ పిల్లలకు ఒక అడ్వాంటేజ్ ఉంది. మనం రెండు వైపులా ఉన్నాం. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో కొత్త ఆఫీసులో చేరి "అనంతపురం" అనగానే ఎదుటివాడు "బ్యాగులో బాంబులేమైనా తెచ్చావా బ్రో?" అంటాడు. మొదటిసారి నవ్వుతాం. పదోసారి నవ్వినట్టు నటిస్తాం. "పోతాండా, వస్తాండా" అన్న ప్రతిసారీ ఎవరో మిమిక్రీ చేస్తే మీటింగ్‌లో నోరు తెరవడం తగ్గిస్తాం. యాస మార్చుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆ అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. సినిమాలు చూసి అలా అయ్యారు. ఇరవై ఏళ్లకు పైగా తెలుగు తెర మీద సీమ అంటే ఫ్యాక్షనే. కానీ అదే తెర మీద, కర్నూలు వైపు సిరివెళ్ల నుంచి వచ్చిన జయప్రకాశ్ రెడ్డి ఉన్నాడు. 'ప్రేమించుకుందాం రా', 'సమరసింహారెడ్డి'లో విలన్‌గా భయపెట్టి, తర్వాత అదే యాసతో నవ్వించాడు. ఆయన మాట్లాడుతుంటే మనకు కోపం రాలేదు. ఎందుకంటే ఆయన యాసను ఎక్కిరించలేదు, యాసలో ఆలోచించాడు. ఆ పాత్ర తిక్క చూసి నవ్వాం గానీ, అది పలికే మాట చూసి కాదు. 2020లో ఆయన పోయినప్పుడు సీమలో జనం సొంత మనిషిని పోగొట్టుకున్నట్టు మాట్లాడుకున్నారు.

తెలంగాణ వాళ్లకూ ఇదే అనుభవం. 2021లో ఒక టీవీ స్కిట్ తమ భాషను, బతుకమ్మను కించపరిచిందని అక్కడి విద్యార్థి సంఘం పోలీసులకు ఫిర్యాదు చేస్తే, హైపర్ ఆది క్షమాపణ చెప్పాడు. యాస మీద జోకు చిన్న విషయంలాగే కనిపిస్తుంది, అది మన యాస కానంతవరకు.

కాబట్టి ఎవరైనా "నీ జోకు నాకు తగిలింది" అంటే అర్థం చేసుకోవడానికి మనం పుస్తకాలు చదవక్కర్లేదు. ఆ బాంబు ప్రశ్న గుర్తుచేసుకుంటే చాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. శెనక్కాయ రైతు మీద జోకు రాయాలి. మొదటి డ్రాఫ్ట్ ఇలా వస్తుంది: "మావోళ్లు ప్రతి ఏడూ శెనక్కాయే వేస్తారు, ప్రతి ఏడూ మునుగుతారు. గజినీ మహమ్మద్‌కైనా బుద్ధొచ్చింది గానీ మావోళ్లకి రాలేదు." నవ్వు వస్తుంది. కానీ ఆ ఊళ్లో అప్పులకు ఉరేసుకున్న రైతు ఇల్లు ఉంటే? ఆ ఇంటి పిల్ల ఫోన్‌లో ఈ రీల్ కనిపిస్తే? ఆ పిల్ల ముందు నిలబడి చెప్పలేం. ఇప్పుడు అదే విషయం, గురి మార్చి: "మా నాయన వాన కోసం ఆకాశం వైపు చూస్తాడు. పంట బీమా డబ్బుల కోసం కూడా ఆకాశం వైపే చూస్తాడు. రెండూ ఒకే డిపార్ట్‌మెంటేమో అని నాకు డౌటు." దీన్ని ఏ రచ్చబండ దగ్గరైనా చెప్పొచ్చు. రైతు ముందు నవ్వుతాడు. కోపం రావాలంటే ఆఫీసులో కూర్చున్నవాడికి రావాలి. రానివ్వండి.

కామెంట్‌ను బగ్ రిపోర్ట్‌లా చదవండి

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక అలవాటు ఉంది. యూజర్ "మీ యాప్ చెత్త" అని రాస్తే ఎవరూ ఏడవరు. ఎక్కడ ఆగింది, ఏ బటన్ నొక్కితే ఆగింది అని చూస్తారు. యూజర్‌కు ఇబ్బంది కలిగిన మాట దాదాపు ఎప్పుడూ నిజమే. కానీ "ఆ బటన్ తీసేయండి" అని అతను చెప్పే మందు చాలాసార్లు తప్పు. సమస్య అతని దగ్గర తీసుకుని, రిపేరు మనం ఆలోచించాలి. జోకు మీద వచ్చే విమర్శకూ ఇదే సూత్రం.

వచ్చే తిట్లను మూడు డబ్బాల్లో వేయొచ్చు.

మొదటి డబ్బా, "నవ్వు రాలేదు". కొత్తవాళ్లు ఎక్కువ తప్పించుకునేది దీన్నే. "మా జోకు బోల్డ్‌గా ఉంది, అందుకే తిడుతున్నారు" అనుకోవడం హాయిగా ఉంటుంది. నిజానికి చాలాసార్లు జోకు బోల్డ్‌గా లేదు, బద్ధకంగా ఉంది. బూతు తీసేసి చదవండి. నవ్వు మిగలకపోతే అక్కడ జోకు లేనట్టే.

రెండో డబ్బా, "నాకు తగిలింది". ఇది జోకు ఎవరి మీద ఉందో వాళ్ల నుంచి వచ్చే కామెంట్. వందలో ఒకటి రెండే ఉంటాయి. బంగారం ఇవే. నత్తి ఉన్న కుర్రాడు "అన్నా, ఇంటర్వ్యూలో నాకు ఇదే జరిగింది" అని రాస్తే, అక్కడ మీకు తెలియని కథ ఒకటి ఉంది. నత్తిని చూసి నవ్వే జోకు కంటే, నత్తి కుర్రాడు మాట పూర్తి చేసేలోపే తనే వాక్యం పూర్తిచేసే హెచ్ఆర్ మీద జోకు పదింతలు బాగుంటుంది. అది మీకు తట్టదు, ఆ కుర్రాడు చెబితేనే తెలుస్తుంది. వాదించకుండా ఒక్క ప్రశ్న అడగండి: "ఏ లైన్ దగ్గర తగిలింది?"

మూడో డబ్బా, కేకలు, బెదిరింపులు. "మా హీరోని అంటావా", "అడ్రస్ చెప్పు". వీటిలో నేర్చుకునేదేమీ ఉండదు. జవాబు ఇవ్వకండి. బెదిరింపు అయితే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అవసరమైతే సైబర్ క్రైమ్ నంబర్ 1930కో, దగ్గరి స్టేషన్‌కో చెప్పండి.

డబ్బాలు వేరు చేయడం ఎందుకంటే, మూడోదాని చప్పుడులో రెండోది వినపడదు. వంద మంది అరుస్తుంటే నిజంగా తగిలిన ఒక్కడిని కూడా అదే గుంపులో కలిపేసి "హేటర్స్" అనేస్తాం. కొత్త రచయితకు జరిగే పెద్ద నష్టం అది.

విమర్శ తీసుకుని మళ్లీ రాయడం చిన్నతనం అనుకుంటే గురజాడను చూడండి. 'కన్యాశుల్కం' మొదట విజయనగరంలో ఆడింది 1892లో. పుస్తకంగా వచ్చింది 1897లో. అక్కడితో ఆపకుండా, 1909లో దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి మళ్లీ వేశాడు. ఇవాళ మనం చదివి నవ్వేది ఆ రెండో రూపాన్నే. తన వర్గంలోని పెద్దలు చిన్నపిల్లల్ని ముసలివాళ్లకు అమ్ముకోవడం మీద రాసిన నాటకం అది. మనం ఒక రీల్‌ను రెండోసారి ఎడిట్ చేయడానికి బద్ధకిస్తాం.

అందరి కోపమూ ఒకటి కాదు

ఇంతకీ బాధపడినవాళ్లు ఎప్పుడూ కరెక్టేనా? కాదు. మునావర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చేదాకా నెలకు పైగా జైల్లోనే ఉన్నాడు. 2022 ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళావేదికలో అతని షో భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. మనోభావాల పేరుతో నోరు మూయించడం కూడా ఒక రాజకీయమే.

కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. కులం, విగ్రహాలు, దొంగ గురువులు, లోభులు, ఎవర్నీ వదలకుండా ఏకిపారేసిన మనిషి. ఆయన మాటలకు నొచ్చుకున్నవాళ్లు తప్పకుండా ఉండి ఉంటారు. అయినా జనం ఆయన పద్యాలను నోటికి పట్టుకుని మోశారు. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించేదాకా అవి అలా నిలిచాయంటే, ఆ హాస్యం ఎవరి పక్కన నిలబడిందో జనానికి తెలుసు కాబట్టే.

అటు చివర వేరే రకం ఉంది. 2024 జులైలో తండ్రీకూతుళ్ల వీడియో ఒకటి పెట్టుకుని యూట్యూబర్ ప్రణీత్ హనుమంతు, అతని స్నేహితులు లైవ్‌లో అసభ్యంగా మాట్లాడారు. నటుడు సాయిదుర్గ తేజ్ ఎక్స్‌లో ప్రశ్నించాక అది పెద్ద వార్తయింది. తెలంగాణ పోలీసులు ప్రణీత్‌ను బెంగళూరులో అరెస్టు చేసి, పోక్సో చట్టం కింద కూడా కేసు పెట్టారు. ఆ మాటల గురి ఒక పసిపిల్ల. "డార్క్ హ్యూమర్" అనే లేబుల్ అక్కడ పనిచేయలేదు. 2025 ఆగస్టులో దివ్యాంగుల మీద జోకుల కేసులో సమయ్ రైనా సహా కొందరు కమెడియన్లను బహిరంగంగా క్షమాపణ చెప్పమని సుప్రీంకోర్టు ఆదేశించింది.

కోపం వచ్చినప్పుడు చూడాల్సింది ఇదే. కోపపడుతున్నది ఇప్పటికే తొక్కేసిన మనిషా? లేక తొక్కుతున్న మనిషా? మొదటివాడైతే ఆగి వినాలి. రెండోవాడైతే మీ జోకు సరైన చోటే తగిలింది. ధైర్యంతో పాటు ఒక లాయర్ నంబర్ కూడా ఉంచుకోండి.

పోస్ట్ కొట్టే ముందు

జోకు ఎవరి గురించో అలాంటి ఒక్క మనిషికి ముందే వినిపించండి. లావుగా ఉన్న ఫ్రెండ్ మీదైతే ఆ ఫ్రెండ్‌కే. వాళ్లు నవ్వారా అని కాదు, నవ్వాక ఏం మాట్లాడారో చూడండి. నిజంగా నచ్చితే వాళ్లే ఇంకో లైన్ కలుపుతారు. నచ్చకపోతే టాపిక్ మారుస్తారు.

కామెంట్లకు అదే రాత్రి జవాబు రాయకండి. ఒక రోజు ఆగండి. కొత్తవాళ్ల పరువు పోయేది జోకు వల్ల కాదు, అర్ధరాత్రి రెండింటికి రాసిన రిప్లై వల్ల.

సారీ చెప్పాల్సి వస్తే సూటిగా చెప్పండి. "ఎవరైనా బాధపడి ఉంటే" అనే మాటే వద్దు. బాధపడ్డారు కాబట్టే కదా చెబుతున్నారు.

వీలైతే ఫోన్ పక్కన పెట్టి నెలకోసారి మనుషుల ముందు చెప్పండి. పెద్ద స్టేజీ అక్కర్లేదు. కాలేజీ ఫెస్ట్, ఊళ్లో వినాయక చవితి పందిరి, ఉగ్గాని బజ్జీ బండి దగ్గర సాయంత్రం బ్యాచ్, ఏదైనా సరే. వ్యూస్ కౌంట్ చెప్పని సంగతి అక్కడ ఎదురుగా ఉన్న ముఖాలు చెబుతాయి. ఎవరు నవ్వారో, ఎవరు తల దించుకున్నారో రెండూ కనిపిస్తాయి. ఆ తల దించుకున్న మనిషి దగ్గరికి ప్రోగ్రాం అయ్యాక వెళ్లి టీ తాగించండి. మీ తర్వాతి స్కిట్ బహుశా అక్కడే దొరుకుతుంది.